పోస్టర్‌లో తొమ్మిది ఫొటోలు: ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లు మీద కేస్ స్టడీ

ఎంపీల కార్యాలయాల్లో సభకు సంబంధించిన పనులు చూడటం నా వృత్తి. ప్రశ్నలు తయారుచేస్తాను, సభలో అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్‌కు నోటీసులు పంపుతాను, చర్చల్లో మాట్లాడటానికి నోట్ రాసిస్తాను, అప్పుడప్పుడు బిల్లు ముసాయిదా కూడా రాస్తాను. ఈ కేసు సభలు ఇంకా పాత పార్లమెంటు భవనంలో జరుగుతున్న రోజులది. సభ్యుడెవరో, ఏ పార్టీయో, ఏ సమావేశమో చెప్పను. బిల్లు విషయాన్ని కూడా మార్చాను. కౌలు రైతులకు పంటల బీమా అందేలా చూసే బిల్లు అనుకోండి. అసలు బిల్లు కూడా అంత సున్నితమైనదే. విడిగా అడిగితే అందరూ మంచిదే అంటారు, పార్టీ ఆఫీసులో మాత్రం ఎవరూ గట్టిగా అనరు.

నేపథ్యం

మంత్రి కాని సభ్యుడు తెచ్చే ప్రతి బిల్లూ ప్రైవేటు సభ్యుడి బిల్లే. అధికార పార్టీ సభ్యుడు తెచ్చినా అంతే. లోక్‌సభలో వీటికి శుక్రవారం చివరి రెండున్నర గంటలు కేటాయిస్తారు. నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బిల్లుతోపాటు ఉద్దేశాలు, కారణాల ప్రకటన జత చేయాలి. ఖర్చు ఉంటే ఆర్థిక మెమొరాండం కూడా పెట్టాలి. స్వాతంత్య్రం వచ్చాక ఇలాంటి బిల్లులు 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. 2015 ఏప్రిల్ 24న డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ తెచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లును రాజ్యసభ ఆమోదిస్తే, 45 ఏళ్ల తర్వాత ఇలా జరిగిందని దేశమంతా చెప్పుకున్నారు. అదీ లోక్‌సభ గడప దాటి చట్టం కాలేదు.

అంటే ఈ బిల్లు చట్టమవుతుందన్న ఆశతో మేం మొదలుపెట్టలేదు. విషయం రికార్డులోకి రావాలి, ప్రభుత్వం దాని గురించి ఆలోచించాలి, అదే మా లక్ష్యం. అలాంటప్పుడు 'మీ వెనక ఎంతమంది ఉన్నారు?' అన్న ప్రశ్న చాలా పెద్దదవుతుంది. మా తప్పుకు బీజం అక్కడే పడింది.

మన బిల్లు మీద మద్దతుదారుల పేర్లకు చోటు లేదు. పైన ఒక్క సభ్యుడి పేరు, ఉద్దేశాల ప్రకటన చివర మళ్లీ ఆయన పేరే ఉంటాయి. బ్రిటన్ కామన్స్ సభలో అలా కాదు. బిల్లు తెచ్చే సభ్యుడు మరో 11 మంది దాకా మద్దతుదారుల పేర్లు ఇవ్వొచ్చు, అవి బిల్లు వెనక అచ్చవుతాయి. పది నిమిషాల ప్రసంగంతో బిల్లు తెచ్చే పద్ధతి ఒకటి అక్కడుంది. అందులో ప్రసంగం అయ్యాక బిల్లును ఎవరు సిద్ధం చేసి తెస్తారని స్పీకర్ అడుగుతారు. సభ్యుడు ఆ పేర్లన్నీ చదివి చివర తనను చేర్చుకుంటాడు. అమెరికాలో కో-స్పాన్సర్లకు, అంటే బిల్లుకు తోడుగా పేరిచ్చే సభ్యులకు, లెక్కే లేదు, వందల మంది కూడా చేరొచ్చు.

మా సార్‌కు, అంటే ఆ బిల్లు తెచ్చిన ఎంపీకి, సాయం చేస్తున్నవాళ్లలో అమెరికాలో స్థిరపడిన మన తెలుగు యువకుడు ఒకరున్నారు. అక్కడ తన ప్రాంత ప్రతినిధికి 'ఫలానా బిల్లుకు కో-స్పాన్సర్‌గా చేరండి' అని ఉత్తరాలు రాయడం ఆయనకు అలవాటు. మా బిల్లు గురించి వినగానే ఎంతమంది కో-స్పాన్సర్లున్నారని అడిగాడు. మనకు ఆ పద్ధతి లేదని నేను చెప్పాను. 'సరే, బిల్లు మీద లేకపోతే బయటైనా చెప్పాలి కదన్నా' అన్నాడు. మా సార్‌కు ఆ మాట నచ్చింది.

దానికి మన ఊళ్ల అలవాటు తోడైంది. మన దగ్గర ఫ్లెక్సీ మీద ఫొటో వేయడానికి ఎవరినీ అడగరు. పుట్టినరోజు ఫ్లెక్సీలో ఎమ్మెల్యే ఫొటో, ఎంపీ ఫొటో, జిల్లా నాయకుడి ఫొటో వరసగా పడిపోతాయి. అడక్కుండా వేశారని అలిగేవాళ్లకన్నా, వేయలేదని అలిగేవాళ్లే ఎక్కువ. మా సోషల్ మీడియా చూసే కుర్రాడు అదే వాతావరణంలో పెరిగాడు. నోటీసు ఇచ్చిన 12వ రోజు సాయంత్రం, బిల్లు ఇంకా సభా కార్యక్రమాల జాబితాలోకి రాకముందే, తొమ్మిది మంది సభ్యుల ఫొటోలతో పోస్టర్ పెట్టేశాడు. పైన 'మా బిల్లుకు వీరి మద్దతు' అని రాశాడు. పోస్ట్ చేసేముందు నాకు చూపించాడు. నేను అక్షరదోషాలు మాత్రమే చూసి సరే అన్నాను.

సమస్య

రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఒక సీనియర్ సభ్యుడి పీఏ ఫోన్ చేశాడు. ఆయనా తెలుగువారే, కాకపోతే వేరే పార్టీ. ఇక్కడ పెద్దాయన అంటాను.

"మా సార్ ఫొటో వేయమని ఎవరు చెప్పారండీ మీకు?"

"సార్ మాటిచ్చారనుకున్నాం..."

"ఎక్కడిచ్చారు? ఎప్పుడిచ్చారు? సభలో మా పార్టీ ఫ్లోర్ లీడర్ ఇప్పుడే ఫోన్ చేసి అడిగారు. ఏం చెప్పమంటారు?"

మా సార్‌ను అడిగితే అసలు సంగతి తెలిసింది. అంతకు ముందు సమావేశాల్లో పార్లమెంటు సెంట్రల్ హాల్లో కాఫీ తాగుతూ బిల్లు గురించి చెబితే, పెద్దాయన భుజం తట్టి "మంచి పనయ్యా, తీసుకురా. నేనున్నానులే" అన్నారట. మా సార్ ఆ మాటను మద్దతుగా తీసుకున్నారు.

ఈ 'నేనున్నానులే' గురించి నేను తర్వాత చాలా ఆలోచించాను. మన భాషలో పెద్దవాళ్లు చిన్నవాళ్లతో అనే మాట అది. పెళ్లి పనులు మొదలుపెట్టిన మేనల్లుడితో మేనమామ అంటాడు, ఉద్యోగం వదిలేసి వచ్చిన తమ్ముడితో అన్న అంటాడు. అందులో ఆప్యాయత ఉంది, ధైర్యం చెప్పడం ఉంది. నా పేరు అచ్చు వేసుకో అన్న అర్థం మాత్రం లేదు. పెళ్లిలో సాయం చేస్తానన్న ప్రతివాడి పేరూ శుభలేఖలో 'ఆహ్వానించువారు' కింద వేయం కదా. అక్కడ వేసేముందు ఇంటికెళ్లి అడుగుతాం.

ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని నేను మరుసటి రోజు గానీ గమనించలేదు. పెద్దాయన విన్న బిల్లు, మేం నోటీసు ఇచ్చిన బిల్లు ఒకటి కాదు. పంటల బీమా పథకంలో కౌలు రైతు చేరొచ్చని కాగితం మీద ఉన్నా, కౌలు పత్రం కావాలి. భూమి తమ చేతుల్లోంచి పోతుందన్న భయంతో యజమానులు ఆ పత్రం ఇవ్వరు. అందుకని చివరి ముసాయిదాలో, పత్రం ఇవ్వడానికి నిరాకరించే యజమానికి జరిమానా వేసే క్లాజు చేర్చాం. పెద్దాయన నియోజకవర్గంలో సొంతంగా సేద్యం చేయకుండా భూమి కౌలుకిచ్చి బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ క్లాజు ఆయనకు ఎవరూ చూపించలేదు. అంటే ఆయన చూడని బిల్లుకు ఆయన ఫొటో వేశాం.

మూడో తప్పు నిబంధనలకు సంబంధించింది. లోక్‌సభ నియమావళిలో 334ఎ అని ఒక రూలుంది. ఏ నోటీసునైనా స్పీకర్ అనుమతించి, సభ్యులకు పంపిణీ అయ్యేదాకా దానికి ప్రచారం ఇవ్వకూడదని అది చెబుతుంది. మేం ఆ రూలునూ దాటాం. మర్నాడు లోక్‌సభ సచివాలయంలో ఒక అధికారి నన్ను పక్కకు పిలిచి, నోటీసు విషయం అప్పుడే బయటికెలా వచ్చిందని మాత్రమే అడిగారు. గొంతు కూడా పెంచలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మొదట చేసిన పనులు, అవి ఎందుకు పనిచేయలేదు

మొదటి గంటలో మేం చేసింది పోస్టర్ తీసేయడం. ఏ వివరణా ఇవ్వలేదు. మాట్లాడకపోతే విషయం చల్లారుతుందని నా అంచనా. అప్పటికే స్క్రీన్‌షాట్ పెద్దాయన నియోజకవర్గం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. 'ముందు ఉంది, ఇప్పుడు లేదు' అన్నదే వార్తయింది. పార్టీ మందలిస్తే ఆయన వెనక్కి తగ్గారని కొందరు రాశారు. ఇవ్వని మాటను ఆయన తప్పినట్టయింది.

అది చూసి టెన్షన్‌లో నేనే రెండో తప్పు చేశాను. మా కార్యాలయం తరఫున ఒక వివరణ రాశాను. 'పోస్టర్‌లో పేరు పొరపాటున వచ్చింది, ఫలానా గారు మా బిల్లుకు మద్దతు ప్రకటించలేదు' అని. ఒక్క అబద్ధం కూడా లేదందులో. గంటన్నరలో ఒక చానల్ కింద స్క్రోలింగ్ వచ్చింది, కౌలు రైతుల బిల్లుకు ఆయన మద్దతు లేదని. యజమానుల వైపు నుంచి వచ్చిన ఇబ్బంది చాలదన్నట్టు, ఇప్పుడు కౌలు రైతుల వైపు నుంచీ ఆయనకు ఫోన్లు మొదలయ్యాయి.

ఆ వివరణ రాసేటప్పుడు నేను నిజమా కాదా అన్నదే చూసుకున్నాను. ఆ నిజం చెప్పే హక్కు మాకుందా అని చూసుకోలేదు. ఒక సభ్యుడు బిల్లు మీద ఏమీ చెప్పకుండా ఉండటం కూడా ఆయన ఎంచుకున్న స్థానమే. మద్దతు ఉందని రాసినా, లేదని రాసినా ఆ స్థానంలోంచి ఆయన్ను లాగేసినట్టే. రెండుసార్లు ఆయన పేరు వాడాం, రెండుసార్లూ అడగలేదు.

పనిచేసింది

రాత్రి పదకొండింటికి మా సార్ ఇంట్లో కూర్చున్నాం. నోటీసు వెనక్కి తీసుకుందామా అన్న మాట వచ్చింది. నేను వద్దన్నాను. వెనక్కి తీసుకుంటే బిల్లు మంచిచెడ్డలు మరుగున పడి పోస్టర్ గొడవే మిగులుతుంది, మిగతా ఎనిమిది మందీ అనవసరంగా వార్తల్లోకి వస్తారు. పైగా బిల్లులో తప్పు లేదు. తప్పు పేర్లు వాడటంలో ఉంది, దిద్దాల్సింది కూడా దాన్నే.

ముందస్తు ప్రచారం గురించి మా సార్ మొదట పెద్దగా పట్టించుకోలేదు. "అందరూ చేసేదే కదా" అన్నారు. అప్పుడు 2018 నాటి ఉత్తర్వు గుర్తుచేశాను. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిని తొలగించాలంటూ రాజ్యసభ సభ్యులు ఇచ్చిన నోటీసును అప్పటి చైర్మన్ ఎం.వెంకయ్యనాయుడు ఏప్రిల్ 23న తిరస్కరించారు. తిరస్కరణకు ఆయన చెప్పిన ప్రధాన కారణాలు వేరు, ఆరోపణల్లో బలం లేదన్నవి. కానీ నోటీసు పరిశీలనలో ఉండగానే సభ్యులు విలేకరుల సమావేశం పెట్టడం సభా మర్యాదకు విరుద్ధమని కూడా అందులో రాశారు. రాజ్యసభ సభ్యుల హ్యాండ్‌బుక్‌లో ఆ నిబంధన ఎక్కడుందో చూపించారు. ఇది మరో సభ వ్యవహారం, మాది చిన్న బిల్లు. అయినా నోటీసు ఇచ్చినవాళ్లు సభకన్నా ముందు బయట మాట్లాడితే సభాపతి స్థానంలో ఉన్నవాళ్లు దాన్ని ఎలా చూస్తారో అందులో స్పష్టంగా ఉంది. మా సార్ ఒక నిమిషం ఆలోచించి, "పొద్దున్నే పెద్దాయన దగ్గరికి వెళ్దాం, నువ్వూ రా" అన్నారు.

ఫోన్‌లో క్షమాపణ చెప్పొద్దని నేనే అన్నాను. సీనియర్‌కు జరిగిన నష్టం బహిరంగంగా జరిగింది, ఇంటికి వెళ్లడం ఒక్కటే దానికి తగిన మర్యాద. ఏడున్నరకు వెళ్లాం. మా సార్ "అన్నగారూ, తప్పు మాది. మీరేం చేయమంటే అది చేస్తాం" అని నేరుగా చెప్పేశారు. కార్యాలయం మీదకు గానీ ఆ కుర్రాడి మీదకు గానీ నెట్టలేదు. పెద్దాయన కాఫీ ఇప్పించారు, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను నీతో అన్నది నీతో అన్నాను. ఊరికి చెప్పమనలేదు కదయ్యా" అన్నారు. కోపం కన్నా నొప్పి ఎక్కువ ఉందా గొంతులో. ఇకముందు ఆయన పేరు ఎత్తకుండా సరిదిద్దాలి, ఆయన అడిగింది అదొక్కటే.

ఆ రోజు రెండు కాగితాలు రాశాను. మొదటిది పెద్దాయనకు మా సార్ సంతకంతో వ్యక్తిగత లేఖ. ఆయన్ను అడక్కుండా ఫొటో వేశామని, పూర్తి బాధ్యత తనదేనని అందులో ఉంది. బిల్లు మీద ఆయన అభిప్రాయం ఏమిటో ఒక్క ముక్క రాయలేదు. ఫ్లోర్ లీడర్ అడిగితే ఆయన జేబులోంచి తీసి చూపించగలిగేలా ఉండాలన్నదే నా ఆలోచన. రెండోది బహిరంగ ప్రకటన, నాలుగు వాక్యాలు. 'మేం పెట్టిన పోస్టర్‌లో సభ్యుల పేర్లు వారి అనుమతి లేకుండా వేశాం. అది మా తప్పు. తొమ్మిది మందికీ క్షమాపణ చెబుతున్నాం. ఆ పోస్టర్‌ను బట్టి బిల్లు మీద ఎవరి అభిప్రాయాన్నీ అంచనా వేయవద్దు.' ఫిర్యాదు చేసింది ఒక్కరే అయినా తొమ్మిది మందికీ ఎందుకు చెప్పాలని మా కుర్రాడు అడిగాడు. ఒక్కరికే చెబితే అడ్డం తిరిగింది ఫలానా ఆయనేనని వేలు పెట్టి చూపినట్టే అవుతుంది, అందుకు.

మిగతా ఎనిమిది మందికీ మా సార్ స్వయంగా ఫోన్ చేశారు. ఐదుగురు పరవాలేదన్నారు. ఒకరు తన పేరు వద్దన్నారు. ఇద్దరు ఎత్తలేదు, ఎత్తని ఇద్దరినీ మేం వద్దన్నవాళ్ల కిందే లెక్కవేశాం. రెండు రోజుల్లో గొడవ సద్దుమణిగింది.

పద్ధతి మార్చుకున్నాం

అప్పటినుంచి మా కార్యాలయంలో ఒక నోటుబుక్ పెట్టాను. ప్రతి బిల్లుకూ ఒక పేజీ, ప్రతి సభ్యుడికీ మూడు గళ్లు. విషయం నచ్చిందన్నారా, సభలో మాట్లాడతానన్నారా, పేరు బయట చెప్పుకోవచ్చన్నారా. మూడింటినీ మూడు వేర్వేరు ప్రశ్నలుగా అడగాలి. మొదటిదానికి అవునంటే రెండోదీ అవుననుకోకూడదు. మూడో గడి నిండాలంటే సభ్యుడి సొంత ఫోన్ నుంచి ఒక మెసేజ్ అయినా ఉండాలి, పీఏ చెప్పింది చాలదు. ఏ ముసాయిదా చూసి ఒప్పుకున్నారో తేదీ రాయాలి. ఒక్క క్లాజు మారినా మళ్లీ అడగాలి. ఇలా చేయడం వల్ల మా మద్దతుదారుల సంఖ్య తొమ్మిది నుంచి నాలుగుకు పడింది. పరవాలేదన్న ఐదుగురిలో ఒకరు జరిమానా క్లాజు చదివాక తప్పుకున్నారు. మా సార్‌కు కష్టంగానే అనిపించింది కానీ, ఆ నాలుగు పేర్ల మీద నిద్రపట్టే ధైర్యం వచ్చింది.

ఇది అతి జాగ్రత్త అని మొదట్లో అన్నవాళ్లున్నారు. 2023 ఆగస్టులో ఢిల్లీ ప్రభుత్వ అధికారుల మీద నియంత్రణకు సంబంధించిన ఢిల్లీ సర్వీసుల బిల్లును సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును పరిశీలించే సభ్యుల కమిటీకి, పంపాలని రాజ్యసభలో అప్పటి ఆమ్ ఆద్మీ పార్టీ సభ్యుడు రాఘవ్ చద్దా పెట్టిన ప్రతిపాదన గుర్తుందా? కమిటీలో తమ పేర్లు తమను అడక్కుండా చేర్చారని కొందరు సభ్యులు ఫిర్యాదు చేశారు. పేర్లు ప్రతిపాదించడానికి సంతకాలు అవసరం లేదన్నది ఆయన వాదన. ఆ సంగతి అలా ఉంచితే, పేరు ప్రతిపాదించే సభ్యుడు ఆ వ్యక్తికి ఇష్టమేనా అని కనుక్కోవాలని రాజ్యసభ నియమావళి 72వ రూలులో ఉంది. ఆగస్టు 11న ఆయన్ను సస్పెండ్ చేశారు, డిసెంబర్ 4న గానీ ఎత్తేయలేదు. ఆ వార్త చదివిన రోజు మా నోటుబుక్ గురించి ఎవరూ ఏమీ అనలేదు.

మద్దతు చూపించడానికి మన సభలో దారులు లేకపోలేదు, బిల్లు మీద లేవంతే. లోక్‌సభ నియమావళి 193వ రూలు కింద స్వల్పకాలిక చర్చ కోరే నోటీసుకు కనీసం మరో ఇద్దరు సభ్యుల సంతకాలు కావాలి. జీరో అవర్లో ఒకరు విషయం లేవనెత్తితే, దానితో ఏకీభవించే సభ్యులు తమ పేరు రాసి సభాపతి ముందు అధికారులు కూర్చునే టేబుల్‌కు చీటీ పంపుతారు. ఫలానా సభ్యులు ఈ అంశంతో తమను జతపరచుకోవడానికి అనుమతిస్తున్నామని సభాపతి చెబుతారు, పేర్లు రికార్డులో అచ్చవుతాయి. ఈ చీటీ పద్ధతి నాకెంతో ఇష్టం. లేవనెత్తిన సభ్యుడు ఎవరి పేరూ చెప్పడు. ఎవరి పేరు వాళ్లే పంపుకుంటారు, ఎవరి కోసం ఎవరూ బాధ్యత తీసుకోనక్కర్లేదు.

బిల్లు ప్రవేశపెట్టే రోజు శుక్రవారం. ఆ ఘట్టంలో సభ్యుడికి ప్రసంగం ఉండదు. అనుమతి కోరుతూ ఒక వాక్యం, సభ ఒప్పుకున్నాక ప్రవేశపెడుతున్నానని మరో వాక్యం. మా సార్ ఆ రెండూ చెప్పి కూర్చున్నారు. కౌలు రైతుల బీమా అంశాన్ని జీరో అవర్లో విడిగా లేవనెత్తాలని ముందే అనుకున్నాం. బ్యాలెట్‌లో, అంటే ఎవరికి అవకాశమో తేల్చే లాటరీలో, రెండుసార్లు పేరు రాలేదు, మూడోసారి వచ్చింది. ఏడు చీటీలు అందాయి. మా పుస్తకంలోని నలుగురూ ఉన్నారు, మిగిలిన ముగ్గురితో మేమెప్పుడూ మాట్లాడలేదు. వాళ్లలో ఇద్దరు ఉత్తరాది రాష్ట్రాలవారు.

పెద్దాయన ఆ రోజు సభలోనే ఉన్నారు. చీటీ పంపలేదు. పంపుతారేమోనని మా సార్ ఒకటి రెండుసార్లు అటు చూశారని గ్యాలరీలో ఉన్న మా మిత్రుడు చెప్పాడు.

బిల్లు చర్చ దాకా రాలేదు. బ్యాలెట్‌లో దాని వంతు రాకముందే లోక్‌సభ రద్దయింది, దాంతో బిల్లూ రద్దయింది.

లోక్‌సభ రద్దు కాకముందే, బిల్లు ప్రవేశపెట్టిన తర్వాతి సమావేశాల్లో ఒక సాయంత్రం పెద్దాయన పీఏ ఫోన్ చేశాడు. కౌలు రైతుల్లో ఎంతమందికి బీమా పరిహారం అందిందో వ్యవసాయ శాఖను అడగాలని వాళ్ల సార్ ప్రశ్న వేస్తున్నారట. మేం బిల్లు కోసం చేసుకున్న నోట్ ఉంటే పంపగలరా అన్నాడు.

"ఒక్కటండీ," అన్నాడు చివర్లో, "మీ సార్ పేరు ఎక్కడా రాదు. పరవాలేదా?"

"రానక్కర్లేదండీ," అన్నాను. నోట్ ఆ రాత్రే పంపాను.